వ్యసనం మానేశాక మొదటి మూడు నెలలు: "ఏదైనా హాబీ పెట్టుకోండి" అనే మాటని పనికొచ్చేలా రాయడం ఎలా?

కొత్త_పేజీ అడిగారు:

డీ-అడిక్షన్ చికిత్స ముగించుకుని ఇంటికి వెళ్లేవాళ్ల చేతిలో పెట్టడానికి రెండు పేజీల కాగితం ఒకటి తయారు చేస్తున్నాను. మాత్రలు, ఫాలో-అప్ తేదీలు, ట్రిగ్గర్లు (కోరిక రేపే సందర్భాలు) రాసేశాను. "ఏదైనా హాబీ పెట్టుకోండి" అన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ప్రతి కరపత్రంలోనూ ఈ వాక్యం ఉంటుంది. చదివినవాళ్లు తలూపి పక్కన పెడతారు. ఏ హాబీ, ఏ గంటలో, ఎంతసేపు, ఎప్పటినుంచి అన్నది ఎక్కడా ఉండదు.

నాకు కావలసినవి ఇవి. చికిత్స మొదలైన ఎన్నో రోజు నుంచి హాబీ మాట ఎత్తవచ్చు? "ఏదీ చేయబుద్ధి కావట్లేదు" అనేవాళ్లకు ఏం చెప్పాలి? వద్దే వద్దు అనదగ్గ హాబీలు ఏవి? ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు?

మద్యం, పొగాకు, ఓపియాయిడ్లు (హెరాయిన్, మార్ఫిన్ లాంటివి), ఆన్‌లైన్ జూదం నాలుగింటికీ పనికిరావాలి. సిద్ధాంతం ఒక్క ముక్క చాలు. చేసే పద్ధతి, అది ఎక్కడ చెడుతుందో వివరంగా చెప్పండి.

---

వార్డు_నోట్స్:

ముందు తేదీలు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ ప్రమాదం ఎక్కువగా 12–48 గంటల మధ్య. మతి తప్పి లేనివి కనబడే డెలీరియం 48–96 గంటల మధ్య. ఇదంతా డాక్టర్ చూసుకోవలసిన దశ, ఇక్కడ హాబీ ఊసే వద్దు. నిద్రకూ ఆందోళనకూ వాడే బెంజోడయజిపైన్ మాత్రలకు అలవాటుపడినవాళ్లదీ ఇదే సంగతి. పైగా వాళ్లకు మోతాదు మెల్లగా దించుకుంటూ రావాలి కాబట్టి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఓపియాయిడ్ల దగ్గర ప్రమాదం వేరే చోట పొంచి ఉంటుంది. కొన్ని వారాలు ఆపేసరికి శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ ఒక్క వాక్యాన్ని హాబీ పేజీలో కూడా వేయండి. గోడకు అంటించేది ఆ పేజీనే, మాత్రల పేజీ బీరువాలోకి పోతుంది.

నేను పాటించే కొలత: వణుకు తగ్గి, వరుసగా రెండు మూడు రాత్రులు కాస్తయినా నిద్ర పట్టాక మొదలు. అప్పుడు కూడా మొదటి రెండు వారాలు వేళ్ల చివర్లతో చేసే సన్నపని ఇవ్వకండి. సూదిలో దారం ఎక్కించడం, సన్న కుంచెతో గీయడం లాంటివి వణుకు మిగిలి ఉండగా ఇస్తే, "నావల్ల ఏదీ కాదు" అనుకునే మనిషికి సాక్ష్యం మనమే తెచ్చి ఇచ్చినట్టు. ఏకాగ్రత, జ్ఞాపకం కూడా కొన్ని వారాలు మందంగానే ఉంటాయి. చదరంగం, కొత్త భాష, లావుపాటి నవల తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడు కావలసింది పెద్ద కదలికలున్న పని: నడక, మట్టి తవ్వడం, సైకిల్ విప్పి తుడిచి గొలుసుకు నూనె పట్టించడం, అల్మరా ఖాళీ చేసి సర్దడం. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నా, మగతనిచ్చే మాత్రలు ఇంకా నడుస్తున్నా ఒంటరిగా ఈత, ఎత్తులెక్కడం, కరెంటు రంపం డాక్టర్ సరే అనేదాకా కుదరదు.

ఇక మీ రెండో ప్రశ్న. నిజానికి మొత్తం కాగితం దాని మీదే నిలబడుతుంది. మత్తు చాలాకాలం వాడిన మెదడు మామూలు సంతోషాలకు సరిగా స్పందించదు. ఇష్టమైన పాట వినిపించినా చప్పగానే ఉంటుంది. ఇది బద్ధకం కింద లెక్కేసి తిట్టేవాళ్లే ఎక్కువ. నోరా వోల్కో అనే మెదడు పరిశోధకురాలి బృందం 2001లో ప్రచురించిన స్కాన్ అధ్యయనంలో, మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తు మానేసినవాళ్ల మెదడులో డోపమిన్ అనే ఉత్సాహపు రసాయనాన్ని మోసే ట్రాన్స్‌పోర్టర్లు 12–17 నెలల తర్వాత బాగా కోలుకున్నట్టు కనిపించింది. అన్ని మత్తులకూ అవే నెలలు అనుకోకూడదు. కానీ పది రోజుల్లో ఉత్సాహం రాలేదని కంగారు పడేవాళ్లకు ఈ అంకె చూపించడం మంచిది.

అందుకని "నచ్చిందా?" అని అడగడం మానేసి "చేశారా?" అని మాత్రమే అడగండి. చేసే ముందు, ఇందులో ఎంత బాగుంటుందనుకుంటున్నారో 0 నుంచి 10 లోపు ఒక అంకె రాయించండి. ముగిశాక నిజంగా ఎంత అనిపించిందో ఇంకో అంకె. మొదటి వారాల్లో ముందు అంకె 0 లేదా 1 ఉంటుంది, తర్వాత అంకె 2 లేదా 3. చిన్న తేడానే. కానీ "చేసినా ఏమీ ఉండదు" అని మెదడు చెప్పే జోస్యం తప్పుతున్నట్టు తన చేతిరాతలోనే కనబడుతుంది. మూడ్ వచ్చాక చేద్దాం అని కూర్చుంటే మూడ్ రాదు. ముందు పని, ఆ వెనక మూడ్. డిప్రెషన్ చికిత్సలో బిహేవియరల్ యాక్టివేషన్ అనేది ఇదే. రెండు మూడు వారాలైనా రెండు అంకెలూ 0 దగ్గరే ఉంటే, నిద్రా ఆకలీ కూడా పోతే, అది డిప్రెషనేమో డాక్టర్‌కు చూపించాలి. హాబీ మార్చి చూద్దాం అనుకుని రోజులు పోనివ్వకండి. చనిపోవాలన్న ఆలోచనలుంటే అదే రోజు చూపించాలి.

గంట ఎంచుకోవడం. హాబీని ముందు ఇష్టాన్ని బట్టి కాక గడియారాన్ని బట్టి ఎంచాలి. ఏడు రోజుల గడుల కాగితం తీసి, ఏ గంటల్లో వాడేవారో ఎర్రగా నింపించండి. తాగిన గంటలే సరిపోవు. కొనడానికి వెళ్లిన సమయం, డబ్బు సర్దుకున్న సమయం, తర్వాత పడుకున్న సమయం కూడా నింపాలి. అన్నీ కలిపితే రోజులో సగం ఎర్రబడటం మామూలే. మానేసినవాడి చేతిలో హఠాత్తుగా పడ్డ ఖాళీ అదే. అందులో అతి ముదురు గడిని పట్టుకుని, హాబీని దానికి అరగంట ముందు మొదలుపెట్టించండి. సరిగ్గా ఆ గంటకే మొదలెడదామంటే అప్పటికే కాళ్లు అటు లాగుతుంటాయి.

పొగాకుకు ఈ లెక్క పనిచేయదు. అక్కడ ఎర్రగడి ఒకటి కాదు, రోజంతా చల్లినట్టు పదిహేను ఇరవై చుక్కలుంటాయి: భోజనం అవగానే, ఫోన్ మోగగానే, పని మధ్య విరామంలో. గంటసేపు చేసే హాబీ వాళ్లకు పెద్దగా ఆనదు. జేబులో పట్టి, 3–5 నిమిషాల్లో ముగిసే చేతిపని కావాలి.

---

దారపుండ:

చేతిపనుల సంగతి నేను చెప్తాను. ఏ పనినైనా నాలుగు వైపుల నుంచి చూడండి. కూర్చున్న రెండు నిమిషాల్లో మొదలవుతుందా, ఇరవై నిమిషాల్లో ఎక్కడో ఒకచోట ఆపగలమా, రెండు చేతులూ పడతాయా, తప్పు జరిగితే వెనక్కి తీసుకోగలమా. నాలుగోది అందరూ మర్చిపోతారు. వ్యసనం నుంచి వచ్చేవాళ్లలో "ఒక్కసారి చెడితే అంతా చెడినట్టే" అనే ఆలోచన బలంగా ఉంటుంది. చెక్క తప్పుగా కోస్తే అతకదు. దారం తప్పుగా అల్లితే విప్పి, అదే దారంతో మళ్లీ అల్లవచ్చు. మొదటి నెల విప్పగలిగే పనులే ఇవ్వండి.

అందుకే, వణుకుండే ఆ మొదటి రెండు వారాలూ దాటాక, క్రోషే (కొక్కెంతో ఊలు అల్లడం) నా మొదటి ఓటు. మగవాళ్లు మొహమాటపడితే చేపల వల ముడులతో, తాళ్ల అల్లికతో మొదలెట్టించండి, సూత్రం ఒకటే. కావలసినవి 5 మి.మీ. కొక్కెం ఒకటి, మందపాటి లేతరంగు ఊలు ఒక ఉండ. నలుపు, ముదురు నీలం వద్దు, కుట్టు కంటికి ఆనదు, చిరాకు పుడుతుంది. బొచ్చు ఊలు అసలొద్దు, విప్పబోతే చిక్కుపడుతుంది. 20 గొలుసు కుట్లు వేయాలి. కొక్కెం వైపు నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి సింగిల్ కుట్టు వేసుకుంటూ పోతే వరుసకు 19 వస్తాయి. చివర ఒక గొలుసు వేసి తిప్పి, మళ్లీ 19. అరచేయంత చతురం వచ్చేదాకా ఇదే. టోపీలు, బొమ్మలు తర్వాత.

చెడేది మూడు చోట్ల. ముక్క పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే వరుస చివరి కుట్టు వదిలేస్తున్నారన్నమాట. వెడల్పవుతుంటే ఒకే రంధ్రంలో రెండేస్తున్నారు. అట్టలా బిర్రబిగిసిపోతే దారం లాగి పట్టుకుంటున్నారు. బిగి తగ్గించుకోమని చెప్తే ఎవరికీ తగ్గదు, కొక్కేన్ని 6 మి.మీ.కి మార్చేయండి. ప్రతి వరుస చివరా 19 లెక్కపెట్టించడం తప్పనిసరి. అంచు తిన్నగా రావడానికే కాదు, లెక్కపెట్టే మెదడుకి ఇంకోటి తలుచుకునే తీరిక తక్కువ.

మొక్కలైతే ఓర్పు తక్కువవాళ్లకు తొందరగా మొలిచేవి ఇవ్వాలి. బంతి విత్తనం అర సెంటీమీటరు లోతులో వేస్తే సాధారణంగా 5–7 రోజుల్లో మొలుస్తుంది, రెండు నెలల సుమారుకు పూస్తుంది. మూడు కుండీలు చాలు, కానీ మూడూ ఒకే రోజు నాటకండి. రెండు వారాల ఎడంతో ఒక్కోటి. ఒకటి పోయినా ఇంకోటి మొలక దశలో ఉంటుంది, ఎప్పుడు చూసినా ఏదో ఒక మార్పు కనబడుతుంది. కొత్తవాళ్ల కుండీ మొక్కలు ఎక్కువగా పోయేది ఎండిపోయి కాదు, నీళ్లెక్కువై వేరు కుళ్లి. "రోజూ నీళ్లు పోయండి" అని రాయకండి. వేలు ఒక అంగుళం మట్టిలోకి దించి, తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో ముందే చూడాలి. రోజూ ఏదో ఒకటి చేయాలనిపించేవాళ్లకు నీళ్ల డబ్బా బదులు నోటుపుస్తకం ఇచ్చి ఎత్తు కొలిపించండి.

వద్దనే పనుల్లో ముందుది వాసన వచ్చేవి. టిన్నర్, మోడళ్లు అతికించే జిగురు, స్ప్రే పెయింట్, వార్నిష్. ఇన్‌హేలెంట్లు (మత్తు కోసం పీల్చే ఆవిరులు) పీల్చిన చరిత్ర ఉంటే ఇవి గదిలో కూడా ఉండకూడదు. ఫ్రెంచ్ పాలిష్ అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించిందే. తాగుడు మానినవాడి ముక్కు కింద ఆ సీసా ఎందుకు? నీళ్లతో కలిపే రంగులు, తేనెమైనం పాలిష్ వాడించండి. అవిసెనూనె కూడా మంచిదే, కానీ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో వేయాలి. వైన్, బీరు ఇంట్లో తయారుచేసే హాబీ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. అయినా రాసేయండి. "తయారుచేస్తా, తాగను" అనేవాళ్లు ఉంటారు.

సంగీతం నేర్చుకోవాలనుకుంటే కీబోర్డు నయం. మీట నొక్కితే మొదటిరోజే శ్రుతిగా పలుకుతుంది. వయొలిన్ నెలల తరబడి గీరుతూనే ఉంటుంది, అది ఇంట్లోవాళ్ల ఓర్పుకి కూడా పరీక్ష. పాటలూ తాగుడూ జంటగా సాగినవాళ్లకు మాత్రం సంగీతమే ట్రిగ్గర్. వాళ్లకు ఇది రెండో మూడో నెలలో, పాత పాటలు కాకుండా.

---

అనుమానపు_పక్షి:

హాబీల మీద ఇంత ఉత్సాహం చూస్తే కొంచెం బెదురుగా ఉంది, అందుకని రెండు మాటలు.

ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు "ర్యాట్ పార్క్" అనే ఎలుకల ప్రయోగం ఎత్తుతారు. 1970ల చివర్లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం చేసింది. విశాలమైన చోట, తోటి ఎలుకలతో, ఆడుకునే వస్తువులతో ఉన్నవి, బోనుల్లో ఒంటరిగా ఉన్నవాటికన్నా మార్ఫిన్ నీళ్లు తక్కువ తాగాయి. ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకు ఫలితాలు అన్నిసార్లూ ఒకేలా రాలేదు. "జీవితం బాగుంటే వ్యసనం పోతుంది" అని దాని మీద మేడలు కట్టొద్దు.

మనుషుల మీద గట్టి ఆధారం కావాలంటే 1973లో హంట్, అజ్రిన్ అనే పరిశోధకులు ప్రచురించిన కమ్యూనిటీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ పద్ధతి చూడండి. తాగుడుకు చికిత్స పొందుతున్నవాళ్లకు ఉద్యోగం, కుటుంబం, స్నేహాలు, వినోదం అన్నీ కలిపి సర్దారు. ఒక పాత తాగుడు దుకాణాన్నే మద్యం లేని క్లబ్బుగా మార్చారు కూడా. ఫలితం బాగా వచ్చింది, కానీ అందులో హాబీ ఒక పాయ మాత్రమే. మిగతా పాయలు తీసేసి కుట్లూ అల్లికలూ ఒక్కటే ఇస్తే అదే ఫలితం రాదు.

మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. మద్యానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, ఓపియాయిడ్లకు బుప్రెనార్ఫిన్, మెథడోన్. "ఇప్పుడు తోటపనిలో పడ్డాను, ఇక మాత్రలెందుకు" అని ఆపేసేవాళ్లు ఉంటారు. ఓపియాయిడ్ల విషయంలో అలా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. అన్నట్టు, మీ కాగితంలో "మందు" అనే మాట ఎక్కడైనా ఉంటే కొట్టేయండి. మన భాషలో మందంటే రెండూ. "మందు మానకండి" అని అచ్చువేసి పంచితే నవ్వులపాలవడమే కాదు, నిజంగానే పొరబడతారు. "మాత్రలు" అని రాయండి, రెండోదానికి "మద్యం" అని.

---

పాచికలు_వద్దు:

జూదం వైపు నుంచి రాస్తున్నా. ఇక్కడ చిక్కేమిటంటే చాలా జూదాలు హాబీ చొక్కా తొడుక్కుని ఉంటాయి. రోజువారీ షేర్ల ట్రేడింగ్, క్రిప్టో, డబ్బు పెట్టే ఫాంటసీ టీములు, ఆటల్లో డబ్బిచ్చి తెరిచే లూట్ బాక్సులు, లోపల ఏముందో తెలియకుండా కొనే కార్డుల ప్యాకెట్లు, ఆన్‌లైన్ వేలంపాటలు. గుర్తుపట్టే పద్ధతి: డబ్బు పెట్టాలి, ఫలితం ముందే తెలియదు, తెలిసిన మరుక్షణం మళ్లీ పెట్టే వీలుంది. ఈ మూడూ కలిసి ఉంటే దాన్ని లిస్టులోంచి తీసేయండి, ఎంత "నైపుణ్యం" ఉందని చెప్పినా సరే.

రెండో చిక్కు ఫోన్. జూదగాడికి సీసా, దుకాణం, స్నేహితులు అన్నీ ఆ ఒక్క అద్దంలోనే ఉంటాయి. వీడియో చూసి నేర్చుకునే హాబీ ఇస్తే రోజుకు పదిసార్లు ఫోన్ తెరవమని మనమే చెప్పినట్టు. పద్ధతిని కాగితం మీద అచ్చువేసి ఇవ్వండి, టైమర్‌గా వంటగది గడియారం ఇవ్వండి. చదరంగమైతే చెక్క బల్ల మీద ఎదురుగా మనిషితో. ఆన్‌లైన్లో రేటింగు వెంట పడితే రాత్రి రెండింటికి కూడా "ఇంకొక్క ఆట" అంటారు. పోయిన పాయింట్లు వెనక్కి తెచ్చుకోవాలనే తపన, పోయిన డబ్బు వెనక్కి తెచ్చుకోవాలనే తపన ఒక్క తీరువే. వీడియో ఆటలు ఊరికే కాలక్షేపం అనుకునేవాళ్లకు చెప్పాల్సింది: 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11 వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మత కూడా ఉంది.

ఎర్రగడులు గంటలకే కాదు, తేదీలకూ వేయించాలి. జీతం పడే రోజు, పెద్ద మ్యాచ్ ఉండే రోజు. ఆ సాయంత్రాలకు ఎదురుచూసే మనిషి ఉండే కార్యక్రమం ముందే ఖాయం చేసుకోవాలి. ఒంటరిగా చేసే హాబీని ఆ రోజు సులభంగా ఎగ్గొడతారు.

ఇంకోటి, సామాన్ల పిచ్చి. కొత్త హాబీ అనగానే ఖరీదైన పరికరాలన్నీ ఆర్డరు పెట్టడం కూడా ఒక కిక్కే. అట్టపెట్టె విప్పగానే అది దిగిపోతుంది, హాబీ కూడా దానితోపాటే పోతుంది. మొదటి 30 రోజులు అరువు తెచ్చుకున్నదో, ఇంట్లో ఉన్నదో వాడాలి. పన్నెండుసార్లు కూర్చున్నాక గాని రెండో వస్తువు కొనకూడదు.

---

కొత్త_పేజీ:

అందరికీ ధన్యవాదాలు. మందు/మాత్రల పొరపాటు నిజంగానే రెండు చోట్ల ఉంది, దిద్దేశాను. ఇంకో సందేహం. మీరు చెప్పినవన్నీ ముందుగా వేసుకునే ప్లాన్. కోరిక ఎక్కిన ఆ నిమిషంలో హాబీ ఏమైనా చేయగలదా, లేక అప్పుడు ఫోన్ చేసి ఎవరితోనైనా మాట్లాడమనడమే మంచిదా?

---

వార్డు_నోట్స్:

రెండూ కావాలి. కోరిక (క్రేవింగ్) అలలా లేచి, ఏమీ చేయకపోయినా చాలాసార్లు 15–30 నిమిషాల్లో దిగుతుంది. పెరుగుతూనే పోతుందన్న భయం వల్లే లొంగిపోతారు. ఆ ఇరవై నిమిషాలు దాటించడానికి ఏ రకం పని పనికొస్తుందన్నది అసలు సంగతి.

కవానా, ఆండ్రేడ్, మే అనే పరిశోధకులు 2005లో ఒక వివరణ ఇచ్చారు. కోరిక బలపడేది బొమ్మ కట్టడం వల్ల. గ్లాసు, చలువ, వాసన, మొదటి గుటక కళ్లముందు కనబడతాయి. ఆ బొమ్మ కట్టే చోటునే వేరే పనికి వాడేస్తే కోరిక పలచబడుతుంది. తర్వాత ఆండ్రేడ్, మే ఉన్న బృందమే పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్ ఆటను మూడు నిమిషాలు ఆడించి చూస్తే కోరిక తీవ్రత కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. కాబట్టి పాట వింటూ పడుకోవడం ఇక్కడ అంతగా ఉపయోగపడదు, కళ్లు ఖాళీగానే ఉంటాయి. కళ్లూ చేతులూ కలిసి ఆకారాలతో కుస్తీపట్టే పని కావాలి: జిగ్సా ముక్కలు, రంగుల క్యూబు, బంకమట్టితో ఎదురుగా ఉన్న వస్తువు చేయడం, ఫొటోని తలకిందులుగా పెట్టి గీయడం. పొగాకుకైతే 10–15 నిమిషాల చురుకైన నడక ఆ కాసేపటికి కోరికను తగ్గిస్తుందని చాలా ప్రయోగాల్లో తేలింది. నడిచే దారి మాత్రం ముందే గీసి ఉండాలి. పాత దుకాణం, పాత మిత్రుల అడ్డా ఆ దారిలో తగలకూడదు.

ఒక డబ్బా కట్టించండి. తిప్పే టైమర్, 60–100 ముక్కల జిగ్సా, పిడికెడు మట్టి, నడక దారి గీసిన కాగితం, ఒక్క మనిషి ఫోన్ నంబరు రాసిన చీటీ. ఐదుగురి నంబర్లు రాస్తే ఎవరికి చేయాలా అని ఆలోచిస్తూ ఎవరికీ చేయరు. వాడే క్రమం: ముందు ఆకలిగా ఉందా, నిద్ర చాలలేదా చూసుకోవాలి, ఆకలైతే తినాలి. టైమర్ 20కి తిప్పి పనిలో దిగాలి. మోగేసరికి కోరిక దిగకపోతే ఫోన్. అసలు మొదట్లోనే చేయి వణికేంత బలంగా ఉంటే డబ్బా పక్కనబెట్టి నేరుగా ఫోన్ చేయాలి.

డబ్బా ఎక్కడ విఫలమవుతుందంటే, అటక మీద పెడతారు. కోరిక ఎక్కినవాడు నిచ్చెన వెయ్యడు. సోఫా పక్కనే ఉండాలి. రెండోది, కోరిక వచ్చినప్పుడు మాత్రమే తెరుస్తారు. నెల తిరిగేసరికి ఆ డబ్బాని చూస్తేనే కోరిక గుర్తొస్తుంది. వారంలో మూడునాలుగుసార్లు మామూలు వేళ కూడా తెరిచి ఆడాలి.

---

గడప_లోపల:

ఇంట్లోవాళ్ల భాగం ఇంకా ఎవరూ రాయలేదు.

"తాగకుండా ఉండాలంటే ఇది చెయ్యి" అని చెప్పి ఇస్తే హాబీ శిక్షలా తయారవుతుంది. "నేనూ వస్తా, పద" అనడం వేరు. మొదటి ఐదారుసార్లు పక్కన కూర్చోండి, తర్వాత మెల్లగా తప్పుకోండి. వచ్చినవాళ్లందరికీ "చూడండి ఎంత బాగా గీశాడో" అని చూపించకండి. ఆ పొగడ్తలో "ఇంతకుముందు ఎలా ఉండేవాడో" అనే మాట వినబడుతుంది వాళ్లకి. చేశాడా లేదా అని గది తలుపు సందులోంచి చూడటం, సంచి వెతకడం కూడా అంతే. అంకెలు రాసే కాగితం వాళ్లది, వాళ్లు చూపిస్తేనే చూడాలి.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా జాగ్రత్త. ఆరంభ శూరత్వం అయిపోతుంది, హాబీలో కొత్తదనం పోతుంది, ఇంట్లోవాళ్ల భయం కూడా తగ్గి పట్టించుకోవడం మానేస్తారు. మూడూ ఒకేసారి. ఆ వారాల్లో హాబీని పెంచకుండా కుదించండి. ఇరవై నిమిషాలది ఐదు చేసినా చాలు, గంట మాత్రం మారకూడదు. అలవాటు పడే కాలం మీద లాలీ బృందం 2010లో ప్రచురించిన లండన్ అధ్యయనంలో సగటు 66 రోజులు వచ్చింది, మనిషిని బట్టి అంచనా 18 నుంచి 254 దాకా. 21 రోజులనే మాట ఎవరైనా రాస్తే కొట్టేయండి. అదే అధ్యయనంలో మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కనబడలేదు. కాబట్టి తప్పిన రోజుకి సంజాయిషీ అడగొద్దు, మర్నాటి ఐదు నిమిషాలు జరిగేలా చూడండి చాలు.

మళ్లీ తాగితే? ముందు డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చెప్పాలి, ఓపియాయిడ్లయితే ఒంటరిగా వదలకూడదు. చాలా ఇళ్లలో ఆ కోపంలో కీబోర్డు అటకెక్కించేస్తారు, కుండీలు పారేస్తారు. ఒకసారి జారినవాడు "ఎలాగూ చెడ్డాను, పూర్తిగానే చెడదాం" అనుకునే స్థితికి మార్లట్, గోర్డన్ అనే పరిశోధకులు 1985లోనే పేరు పెట్టి వివరించారు. సామాన్లు పారేస్తే ఆ మాటకి ఇంట్లోవాళ్లు వంతపాడినట్టే. ఒళ్లు కుదుటపడ్డాక మొదటి ఎర్రగడికి హాబీ యథాప్రకారం ఉంటుందని కాగితంలో ముందే రాసి పెట్టండి. జరిగాక చెప్తే ఎవరూ వినరు.

గుంపుతో చేసే హాబీలు మంచివే, ఒంటరితనం తగ్గుతుంది. చేరే ముందు ఆట అయ్యాక వాళ్లు ఎక్కడికి వెళ్తారో కనుక్కోండి. క్రికెట్టో షటిలో ఆడి, తర్వాత అందరూ సీసాల దగ్గర కూర్చునే జట్టయితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. వేరే జట్టు దొరక్కపోతే ఆట ముగిసే వేళకి తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు గేటు దగ్గర ఉండాలి.

హాబీయే కొత్త వ్యసనంలా మారుతోందా అని చాలామంది అడుగుతారు. రోజూ రెండు గంటలు పరిగెడుతున్నాడని కంగారు పడక్కర్లేదు. నిద్ర కోసుకుని చేస్తున్నాడా, ఎంతసేపు చేశాడో దాస్తున్నాడా, కాలు నొప్పితో కూడా ఆపలేకపోతున్నాడా, అప్పు చేసి సామాన్లు కొంటున్నాడా చూడండి. ఇందులో రెండు కనబడితే కౌన్సెలర్‌తో మాట్లాడాలి. ఆ హాబీని ఇంట్లోవాళ్లు హఠాత్తుగా ఆపించకూడదు, ఆ ఖాళీ గంటలోకి ఏది తిరిగొస్తుందో తెలిసిందే కదా.

---

కొత్త_పేజీ:

పేజీ కుదిరింది. మొదటి సగంలో గడుల కాగితం, పక్కన రెండు అంకెలకూ రెండు నిలువు వరసలు. రెండో సగంలో డబ్బా, ఇంట్లోవాళ్లకు నాలుగు వాక్యాలు. ఓపియాయిడ్ హెచ్చరిక పైన, పెద్ద అక్షరాల్లో. ప్రమాదపు గంటలు ఎర్రరంగులో ఒక నమూనా కూడా నింపి ఇస్తున్నాను.

---

దారపుండ:

నమూనాలో ఎరుపు వాడకండి. జిరాక్స్ తీస్తే ఎరుపూ నలుపూ ఒకేలా వస్తాయి, ఏ గడి ఏదో తెలియదు. ప్రమాదపు గంటలకు ఏటవాలు గీతలు పెట్టండి, హాబీ గంటకు చుట్టూ దళసరి గీత. గడి కూడా కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి. వణికే చేత్తో నింపాల్సింది వాళ్లు.